చేవ్రాలు గల జాబు

(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున గ్రంథములను గూర్చి ప్రసంగించుట వాడుక. నేటి విషయము గ్రంథము కంటె చాల చిన్నది, అది జాబు. పన్ను కట్టుమని వచ్చు నోటీసు గాని, బాకీ తీర్చుమని వచ్చు తాఖీదు గాని ఇక్కడ ఉద్దేశింపబడలేదు. విప్పగానే వ్రాసినవారి ముఖము కంటికి కట్టించు జాబు. వ్రాత వంకరయైనను మాట తీరు మరెవ్వరికిని రానట్టి జాబు. అందుకొన్నవారు చదివి, తమలో తాము నవ్వుకొని, మడిచి, మరల విప్పి చదువుకొను జాబు. అదియే నేటి విషయము.

ఇంత చిన్న సంతోషమునకు ఇంత పెద్ద సభలో చోటేల యని కొందరికి తోపవచ్చును. గ్రంథము లోకమున కెల్ల వ్రాయబడును. జాబు ఒక్కరికే వ్రాయబడును. గ్రంథము చదివినవాడు లోకమును తెలిసికొనును. జాబు అందుకొన్నవాడు లోకములో ఒకరు తన్ను తెలిసియున్నారని తెలిసికొనును. ఈ రెండును అక్షరము వలన కలుగు మేలులే. మొదటిదానిని గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా కాపాడుచున్నది. రెండవదాని సంగతి ఎవరు చూతురన్నదే నేటి ప్రశ్న.

అద్దంకి ప్రాంతము వారికి మాట నిలుచుట యెంత గొప్పయో వేరుగా చెప్పనక్కరలేదు. తెలుగున లభించిన తొలి పద్యశాసనములలో ఒకటిగా పండితులు గౌరవించు పండరంగని అద్దంకి శాసనము ఈ నేలదే. తొమ్మిదవ శతాబ్దమున, తూర్పు చాళుక్యుల నాట, సేనాని విజయమును తరువోజ పద్యమున రాతిపై చెక్కించిరి. పదునాలుగవ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి అద్దంకిని రాజధానిగా చేసికొని పాలించెను. ఎఱ్ఱాప్రెగడ తన హరివంశమును ఆతనికే అంకిత మిచ్చెను. శాసనము ఊరందరికిని, కావ్యము రసికులందరికిని నేటికిని నిలిచియున్నవి. ఆ నాళ్లలోనే గుండ్లకమ్మ ఒడ్డున ఒక తల్లి మెట్టినింటనున్న కూతునకు ఒక కబురు పంపియుండును. ఆ కబురు ఏమాయెను? బాటసారి నోట పోయెను, గాలిలో కలిసెను. రాజునకు శిల యుండెను; కవికి తాళపత్రము ఉండెను. సామాన్యుని మాటకు మాత్రము నిలువ నీడ లేకపోయెను. ఆ నీడ చాల ఆలస్యముగా, జాబు రూపమున లభించినది.

అది ఎట్లు లభించెనో కొంచెము చూడవలెను. 1854వ సంవత్సరమున భారతదేశమంతటికిని ఒకే తపాలా ధర ఏర్పడినది. పావు తులము మించని జాబు దేశమున ఎంత దూరము పోయినను అర్ధణాయే. అంతకుముందు దూరమునుబట్టి రుసుము పెరుగుచుండుటచే జాబు సామాన్యునకు అందనిదై యుండెను. 1877లో వి. పి. పి. పద్ధతియు, 1879 జూలై 1వ తేదీన పోస్టుకార్డును, 1880లో మనియార్డరును వచ్చినవి. ఆ కార్డు ఖరీదు పావణా, అనగా ఒక కానీ. ఒక చేత బల్లెమును, దానికి కట్టిన గజ్జెలునుగా తపాలా మోయువాడు అడవి దారిని పరుగెత్తుచుండ, ఆ మూటలో రాజుగారి తాఖీదు ప్రక్కనే కూలివాని కార్డును ఉండెను. మోయువానికి రెండిటి బరువును ఒక్కటే. సామాన్యుని మాటకు ఇంతకంటె గొప్ప మర్యాద మునుపు జరిగియుండలేదు.

ఆ కానీ కార్డుతో మన పల్లెలలో ఒక విచిత్రమైన సాహిత్యము పుట్టినది. దానికి కర్తలు వేలమంది. వారి పేర్లు ఏ చరిత్రలోను లేవు. పైన శ్రీకారము చుట్టి, ఉభయకుశలోపరి యని మొదలుపెట్టుట అందరికిని ఒకటే. ఆ వాక్యము ముగిసిన పిదపనే మనిషి కనబడును. ఒకరు మొదట మిరప ధర వ్రాసి, ప్రత్తిచేనికి పట్టిన పురుగును వర్ణించి, కట్టకడపట, అది ముఖ్యము కానట్లు, మనుమడు పుట్టెనని వ్రాయుదురు. మరియొకరు కార్డు నిండిపోగా అంచులవెంట త్రిప్పి త్రిప్పి వ్రాసి, చిరునామా ప్రక్కన మిగిలిన వ్రేలెడు చోటున అసలు సంగతి ఇరికింతురు. అందుకొన్నవారు కార్డును చక్రమువలె త్రిప్పుచు చదువుకొందురు. పొదుపరి వ్రాసిన కార్డులో అక్షరములు ఆవగింజలు. ఉదారుడు వ్రాసిన కార్డులో నాలుగు పంక్తులే. మాట పెగలనివాని జాబు రెండు వాక్యములలో ముగియును. ఆ రెండు వాక్యములకే ఇల్లాలు నెల దినములు సంతోషించును.

కార్డు కంటికి కనబడగానే పలుకును గూడ. నాలుగు మూలల పసుపు పూసినది పెండ్లి కబురు. దానిని విప్పకముందే ఇంట నవ్వులు. మరణవార్త తెచ్చిన జాబును చదివి చించివేయుటయే గాని ఇంట నుంచుకొనరు. తపాలా బంట్రోతు గుమ్మమున నిలిచినప్పుడు ఇంటివారి చూపు మొదట కార్డు మూలల మీద పడుట అందువలననే. అంటించవలసిన బిళ్ల అంటింపక పంపిన బేరింగు జాబునకు అందుకొన్నవారు రెట్టింపు రుసుము చెల్లింపవలెను. ఆ పైకము చెల్లించి విప్పగా లోపల ‘అందరము క్షేమము’ అను మాట తప్ప మరేమియు లేకపోయినచో, పంపిన బావమరదిని తిట్టుచునే ఆ జాబును పదిమందికి చూపుట గలదు. అదియు ఒక సంతోషమే.

చిరునామాల సంగతి వేరొక ముచ్చట. 1972 ఆగస్టు 15వ తేదీన పిన్ కోడు వచ్చినది. అద్దంకికి 523201 అను ఆరంకెలు ఏర్పడినవి. ఆ అంకెలు జాబును తప్పక ఊరు చేర్చును; అది మేలే. కాని ‘రామాలయము వెనుక సందున, వేపచెట్టు ఇంటి పెద్దకోడలికి’ అని వ్రాసిన జాబు, ఊరు చేర్చుటయే గాక, వ్రాసినవారి కన్ను ఏ చెట్టుమీద నిలిచియున్నదో గూడ తెలుపును. మహాత్మా గాంధీకి ఆయన ఎక్కడ ఉన్న అక్కడికి అని మాత్రమే వ్రాసిన కవరు విదేశమునుండి బయలుదేరుట ప్రసిద్ధము. ఆ మహనీయుడు తనకు వచ్చిన కవర్లను విప్పి, వాని వెనుకప్రక్క తెల్లకాగితముగా వాడుకొనెడివారు. కుడిచేయి అలసినప్పుడు ఎడమచేత వ్రాసెడివారు. అందుకొన్నవారికి ఆ పాత కవరు ముక్కయే ఒక ఉపదేశము. కాగితమే మనిషిని చూపినది.

జాబు వ్రాయుట వేరు, గ్రంథము వ్రాయుట వేరు అన్నాము. కాని ఒక్కరికై వ్రాసిన మాటయే లోకమునకు గ్రంథమైన సందర్భములు తెలుగున ఉన్నవి. చెన్నపట్టణపు సుప్రీము కోర్టున దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరులో మరలి వచ్చెను. దారిపొడుగునను తాను చూచిన మజిలీలను, నదులను, బియ్యపు ధరలను, జనుల ఆచారములను తన స్నేహితుడగు కోమలేశ్వరపు శ్రీనివాస పిళ్లకు వ్రాసి పంపుచుండెను. 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్ర ఆ వ్రాతలనుండి పుట్టినదే. స్నేహితుడు ఊరిలో కూర్చుండి తెలిసికొనగోరెను. అందుచేత యాత్రికుడు చిన్న సంగతిని గూడ విడువకుండెను. లోకమునకై వ్రాసియుండినచో ఆ చిన్న సంగతులు అన్నియు జారిపోయి యుండెడివేమో.

గుంటూరు జిల్లా కొలనుకొండలో 1902లో జన్మించిన సూరి నాగమ్మగారు బాల్యముననే భర్తను పోగొట్టుకొని, ఇంటనే చదువు నేర్చుకొన్నవారు. వారు అరుణాచలమునందలి రమణాశ్రమమున నుండి 1945 మొదలుకొని తమ అన్నగారికి అక్కడి దినచర్యను జాబులుగా వ్రాసిరి. శ్రీరమణాశ్రమ లేఖలు అనునది ఆ జాబుల సంపుటియే. చెల్లెలు అన్నకు చెప్పు తీరున ఉండుటచే, ఆ విషయమునందు ఆసక్తి లేనివారు గూడ ఆ పుటలలో ఒక ఇంటి ఆడపడుచు మాటను విందురు. చదువు ఎక్కువగా లేని స్త్రీకి గ్రంథము వ్రాయుటకు జంకు కలుగవచ్చును; అన్నకు జాబు వ్రాయుటకు జంకేల? జాబు అనేకులకు సాహిత్యపు దొడ్డిగుమ్మము. అటు వచ్చినవారు గూడ ఇంటిలోనివారే.

అదే గుంటూరు జిల్లాలో దుగ్గిరాల దగ్గర తుమ్మపూడి యను పల్లె గలదు. అక్కడ 1914లో పుట్టి 1999లో కన్నుమూసిన సంజీవదేవ్ చిత్రకారులు, తత్త్వచింతకులు, రచయితలు. యౌవనమున హిమాలయ ప్రాంతములు తిరిగి, కులూ లోయలో నికొలస్ రోరిక్ వంటి చిత్రకారుని స్నేహమును పొంది, పిదప స్వగ్రామమునకే వచ్చి నిలిచిరి. వారు పట్టణమునకు పోలేదు. పట్టణములే జాబుల రూపమున తుమ్మపూడికి వచ్చినవి. పేరుగల విద్వాంసునకును, ఎన్నడును చూడని విద్యార్థికిని వారు శ్రద్ధతో బదులు వ్రాసెడివారు. ఆ జాబులు పిమ్మట సంపుటములుగా వెలువడినవి. కవరుమీద తుమ్మపూడి ముద్ర చూడగానే, ఆనాడు ఏ యువకుడు ఆ దినము తనకు పండుగ యనుకొనకుండును? ఒక్క మనిషి చేవ్రాలు ఒక పల్లెను సాహిత్యలోకమున చిరునామాగా చేసినది.

వింతగా నుండుట వేరు, మనిషి కనబడుట వేరు. ఈ భేదము తెలియుటకు ఇంగ్లండు దేశపు ముచ్చట యొకటి పనికివచ్చును. లండను దగ్గర రెజినాల్డు బ్రే అను నతడు, 1879లో పుట్టినవాడు, తపాలా శాఖవారి నియమావళిని కొని చదివి, ఆ నియమములు ఎంతవరకు సాగునో పరీక్షింపబూనెను. ముల్లంగి వంటి టర్నిప్ దుంపపై చిరునామా చెక్కి పంపెను. కుందేలు పుర్రెను పంపెను. టోపీని కట్టకయే పంపెను. 1900లో తన్ను తానే తపాలాలో పంపించుకొనెను! తపాలావారు ఆతనిని తీసికొనిపోయి ఇంట అప్పగించిరి. చదువగా నవ్వు వచ్చును. కాని అవి తపాలా శాఖను పరీక్షించుటకు పంపినవి. ఒకరి మనసు తెలిసి పంపినవి కావు. పల్లెటూరి అవ్వ మనుమనికి పంపు కవరులో ఒక్క తులసి దళము ఎండి యుండును. దానిలో వింత యేమియు లేదు. కాని ఆ దళము ఏ కోటలోనిదో మనుమడు ఎరుగును. బ్రే పంపిన దుంప లోకమునకు వింత. అవ్వ పంపిన దళము ఒక్కనికే నిధి.

తెలుగువారి ఇండ్లలో మరియొక చక్కని వాడుక గలదు. పెండ్లి నిశ్చయమైనప్పుడు తొలి శుభలేఖను తిరుమల వేంకటేశ్వరునకు తపాలాలో పంపుదురు. తిరుపతి దేవస్థానమువారు దానిని అందుకొని, వధూవరులకు అక్షతలను, కుంకుమను, కంకణమును ఆశీస్సులతో పంపుచుందురు. పిలిచినందుకు పెద్దలు బదులు పంపినట్లు ఆ కవరును ఇంటిల్లిపాదియు కన్నుల కద్దుకొందురు. జాబు పోయిన దారినే జాబు రావలెనను కోరిక దైవము విషయమున గూడ మానవునకు పోలేదు.

ఈ సంతోషమునకు అందరును నోచుకొన్నవారు కారు. అక్షరము రానివారు తమ జాబును పరుల నోట వినవలసినదే. బడిపంతులో, తపాలా బంట్రోతో, వీధి అరుగుమీద చదువుకొన్న కుఱ్ఱవాడో చదివి వినిపించునప్పుడు చుట్టును నలుగురు చేరుదురు. అత్తవారింట కష్టపడు కూతురు తన కష్టమును వ్రాయజాలదు. వ్రాసినను తల్లి వినజాలదు. చదువువాడు ఒక పంక్తిని మింగివేసినను ఆమెకు తెలియదు. తెలిసినది ఊరంతకు తెలియును. అట్టి తల్లి రాత్రిబడిలో కూర్చుండి అక్షరములు దిద్దినది దేనికి? మహాకావ్యములు చదువుటకు కాదు. బిడ్డ జాబును తలుపు మూసికొని ఒంటరిగా చదువుకొనుటకు. ఒంటరిగా నవ్వుటకు, ఒంటరిగా ఏడ్చుటకు గూడ అక్షరము కావలెను. వయోజన విద్యకు ఇంతకంటె గట్టి కారణము వెదుకనక్కరలేదు.

కాలము మారినది. 1950లో వచ్చిన ఇన్‌లాండు కవరు తగ్గినది. తంతి వార్త 2013 జూలైతో దేశమున నిలిచిపోయినది. నేడు చేతిలోని ఫోనున మాటయు, బొమ్మయు నిమిషములో చేరుచున్నవి. దీనికి వగచుట తగదు. యార్డులో మిరప ధర ఎంత పలుకుచున్నదో రైతునకు చేనిలోనే తెలియుట మేలు. సముద్రముల ఆవలనున్న కుమారుని ముఖమును తల్లి ప్రతిదినము చూచుట మేలు. కాని పొద్దున లేవగానే ఒకే పువ్వు బొమ్మ, ఒకే సూక్తి, నూరుమందికి ఒక్కసారి పోవుచున్నది. అది జాబు కాదు, అది శాసనము. అందరికిని చెందినది, అందుచేత ఎవ్వరికిని ప్రత్యేకముగా చెందనిది. రాతిమీద చెక్కినచో నిలిచియైన నుండును. ఇది సాయంకాలమునకు చెరిగిపోవును. సామాన్యునకు ఎంతో ఆలస్యముగా లభించిన నీడ మరల తొలగుచున్నదని శంక కలుగుటకు ఇదియే కారణము.

ఈ ప్రాంతపు పాత ఇండ్లలో దూలమునకు వ్రేలాడు వంపు కమ్మి యొకటి ఉండెడిది. వచ్చిన ప్రతి జాబును దానికి గుచ్చెడివారు. కమ్మి నిండిన కొలది ఇంటి చరిత్ర నిండెడిది. ఇల్లు పడగొట్టినప్పుడు ఆ కమ్మి ఏమగుచున్నది? చెదలపాలో, చిత్తుకాగితములవాని తక్కెడపాలో, భోగిమంటపాలో అగుచున్నది. ఆ జాబులతోపాటు నలువదేండ్ల పంటలు, కరవులు, పెండ్లిండ్లు, అలుకలు, ఆ ఊరి పలుకుబడి బూడిదయగుచున్నవి.

నిన్నటి పత్రిక నేడు చిత్తుకాగితమని లోకము తలచును. 1918లో స్థాపింపబడిన వేటపాలెపు సారస్వత నికేతనము అట్లు తలపలేదు. 1929లో గాంధీజీ ఆ గ్రంథాలయ భవనమునకు శంకుస్థాపన చేసిరి. ఆ సంస్థ పాత పత్రికలను కట్టలు కట్టి కాపాడుటచే, దూరదేశముల పరిశోధకులు గూడ ఆ చిన్న ఊరికి రావలసివచ్చినది. పత్రికలకు వేటపాలెము చేసిన పనిని, ఆ ఊరి జాబులకు ప్రతి పల్లె గ్రంథాలయమును చేయవచ్చును. దానికి కావలసినది ఒక బీరువాలో ఒక్క అర, అంతే.

ఇచ్చట ఒక ధర్మసందేహము గలదు. ఒక్కరికై వ్రాసిన జాబును అందరి గ్రంథాలయమున నుంచుట న్యాయమా? అందుచేత జాగ్రత్త అవసరము. కాగితము అందుకొన్నవారిది, అందలి మాటలపై హక్కు వ్రాసినవారిది. ఇరుప్రక్కలవారి, లేక వారి వారసుల అనుమతి లేనిదే ఏ జాబును తీసికొనరాదు. నొప్పించు సంగతులున్నవానిని ఇంటివారే వేరుచేసి ఇచ్చుట మంచిది. కొన్నిటిని ఇన్నేండ్ల వరకు విప్పరాదని ముద్రవేసి ఇచ్చినను తప్పులేదు. జాబుతోపాటు కవరును గూడ ఉంచవలెను. బిళ్ల చక్కగా నున్నదని కత్తిరింపరాదు, తపాలా ముద్రలోనే ఊరును, తేదీయును ఉండును. గుండుసూదులు తీసివేయవలెను, త్రుప్పు కాగితమును తినును. వ్రాసినవారెవరు, అందుకొన్నవారెవరు, వారి వరుస యేమి యని వేరొక చీటిపై వ్రాసి ఉంచవలెను. ఇరువదియేండ్ల పిదప ‘చిన్నాన్న’ అనగా ఎవరో తెలిసినవారు మిగులకపోవచ్చును.

పాతవానిని దాచుట ఒక పని; క్రొత్తవానిని పుట్టించుట రెండవ పని. గ్రంథాలయమునకు వచ్చు పిల్లలు నెలకొక జాబు వ్రాయవచ్చును. బడిపుస్తకములోని నమూనా చూచి కాదు. గుంటూరున వసతిగృహములో చదువుచున్న అక్కకు తమ్ముడు వ్రాయునప్పుడు ‘అందరము క్షేమము’ తో ఆపరాదు. గేదె ఈనినది, దూడకు నొసట చుక్క యున్నది, దానికి పేరు నీవే పెట్టవలెనని వ్రాయవలెను. అక్క తప్ప మరెవ్వరును నవ్వజాలని సంగతి ఒక్కటియైన నుండవలెను. పగిలిన ప్రత్తికాయ బొమ్మ గీసినను సరే, కల్లములో ఎండు మిరపకాయల ఎరుపు రంగుపెన్సిలుతో దిద్దినను సరే. తప్పులు కొట్టివేసిన గీతలను దాచనక్కరలేదు. ఆ గీతలలో గూడ తమ్ముడు ఉండును. జాబు అందినవారు తిరిగి వ్రాయుట మాత్రము మరువరాదు. ఒకప్రక్క నుండియే పోవు జాబు రెండవ నెలకు ఎండిపోవును.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు లోకపు మాటను ఈ పల్లెకు తెచ్చినది. ఇకమీదట ఈ పల్లె మాటను గూడ అది దాచిపెట్టుగాక. స్వర్ణోత్సవము నాటికి ఎవరో ఒక బాలిక ఆ అర తెరచి, పసుపు మూలల కార్డు నొకదానిని తీసి, చక్రమువలె త్రిప్పుచు చదువును. అంచున ఇరికించిన కడపటి పంక్తి చేరునప్పటికి తాను ఎన్నడును చూడని తాతగారి గొంతు ఆమెకు వినబడవలెను. ఆ దినమున ఆమె నవ్వినచో, నేటి ఈ రజతోత్సవము సార్థకమైనట్లే.